బిలాస్‌పూర్‌లో తాత డ్యూటీ లెక్క

బిలాస్‌పూర్‌లో ఏమేం చూడాలని అడిగితే నేను చెప్పలేను. నేను వెళ్ళింది ఒక తీసివేత లెక్క కోసం. అక్కడే స్థిరపడిన మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ రెండ్రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదే. బళ్ళో ఏటో కొత్త పద్ధతంట, తాత దగ్గర లెక్కలు నేర్చుకోనంటంది పింకీ. సోమవారం నుంచి ట్యూషన్‌లో పడీస్తామంటన్నాడు మా అబ్బాయి. పంతులమ్మవి కదా, ఓసారి వచ్చీ!" బావ రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాడు. మూడో తరగతి మనవరాలికి రోజూ లెక్కలు చెప్పడమే ఆయనకు మిగిలిన డ్యూటీ. అదీ పోతే మనిషి ఏమైపోతాడోనని నాకూ బెంగపట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఎక్కాలు అప్పజెప్పించుకున్నదాన్ని, ఈ కొత్త పద్ధతుల సంగతి తేల్చేద్దామని ఎక్కాల పుస్తకం కూడా సంచిలో పెట్టుకున్నాను.

విజయనగరంలో సాయంత్రం అయిదూ యాభైకి రైలెక్కితే, రాయగడ, రాయ్‌పూర్ మీదుగా పొద్దున్న ఏడూ ఇరవై అయిదుకి దింపింది. స్లీపర్ టికెట్ నాలుగు వందల లోపే. స్టేషన్ నుంచి అర్పా నది దాటి అక్కవాళ్ళుండే సర్కండా వెళ్ళడానికి షేర్ ఆటో ముప్పై రూపాయలు. నా ఫోన్ మాటలు విని డ్రైవరు తెలుగులోకి దిగాడు. "మాది టెక్కలేనమ్మా, తాతల కాణ్ణుంచీ ఇక్కడే. అచ్ఛా, లెక్కల గొడవా? మావోడూ ఏటో గీతలు గీస్తాడు. నాకేటీ సమఝ్ అవదు!" నాకు బలం వచ్చింది.

ఇంట్లో అక్క వేడివేడిగా ఫరాలు పెట్టింది. బియ్యప్పిండితో వేళ్ళంత పొడుగ్గా చేసి ఆవిరిమీద ఉడికించే ఈ టిఫిన్ పచ్చడితో అమృతమే. "నలుగురికి ఏడేసి ఎన్నే?" అన్నాను. పింకీ నాలుగు పళ్ళేలు గీసి, చుక్కలు పెట్టడం మొదలెట్టింది. అవి లెక్కయ్యేలోగా ఫరాలు చల్లారిపోయేలా ఉన్నాయి. "ఏడు నాలుగులు ఇరవయ్యెనిమిది," అని బావ గొణిగాడు. పింకీ మూతి ముడిచి నోటుపుస్తకం నా ముందు పడేసింది. "చూడు చిన్న మామ్మా! మేడం రాంగ్ పెట్టింది. తాత వల్లనే!"

ఎనభై రెండులోంచి నలభై ఏడు తీసెయ్యాలి. బళ్ళో అంకెల గీతమీద నలభై ఏడు నుంచి ఎనభై రెండు దాకా గెంతుకుంటూ వెళ్ళమన్నారు. తాతేమో పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకోమన్నాడు. పిల్ల ఇద్దరి మాటా విని, అప్పు తెచ్చి ఎనభై రెండుని డెబ్బై రెండు చేసి, అక్కడి దాకానే గెంతింది. ముప్పై అయిదు రావలసింది ఇరవై అయిదొచ్చింది. తప్పెవరిదని చెప్పను? మాట మార్చడానికి, "బావా, అయిదూ యాభైకి ఎక్కి ఏడూ ఇరవై అయిదుకి దిగాను. నా ప్రయాణం ఎంతసేపయినట్టు?" అన్నాను.

"పదమూడు గంటలా ముప్పై అయిదు," అన్నాడు టీ కప్పు దించకుండానే.

"కైసే, తాతా?" అంది పింకీ, అలక మరిచిపోయి.

"ఏటుందమ్మా! ఆరు కొట్టడానికి పది నిమిషాలు. అక్కణ్ణుంచి పన్నెండుకి ఆరు గంటలు. ఆపైన ఏడూ ఇరవై అయిదు. డ్యూటీ గంటలు ఇలాగే కదా కట్టీవోళ్ళం. గంటని అప్పు తెస్తే పది కాదు, అరవై వస్తాది. ఆ గొడవెందుకు మాకు?"

పింకీ అప్పటికే గీత గీసి మూడు గెంతులు వేసేసింది. "తాతా! ఇవి జంపులే! నీకు ముందే వచ్చా?"

బావ కళ్ళజోడు పెట్టుకుని ఆ గీత మీద వేలితో మూడు గెంతులూ వేసి చూశాడు. "ఓస్, ఇదేనేటి?" అని పకపకా నవ్వాడు. నాకు ఆనందంతో పాటు కాస్త సిగ్గూ వేసింది. తీర్పు చెప్పడానికి వచ్చినదాన్ని, నేనే పాఠం నేర్చుకున్నాను. ట్యూషన్ మాట ఆ సాయంత్రమే రద్దయింది. ఎక్కాల పుస్తకాన్ని మాత్రం పింకీయే అడిగి తీసుకుంది, ఫరాలు చల్లారకుండా తినాలట.

కొత్తదీ పాతదీ అని మనం కొట్టుకుంటాం గానీ, చేతిలో పనున్నవాళ్ళు ఏది సులువైతే అది ఎప్పుడో వాడేసుకుంటారు. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా: రైలుకి అరగంట ముందే స్టేషన్‌కి వెళ్ళి, ప్రయాణం ఎంతసేపో పిల్లల చేతే లెక్క కట్టించండి. నన్ను ఎక్కించడానికి వచ్చినప్పుడు పింకీ వేళ్ళ మీద గెంతులు లెక్కపెడుతూ కట్టింది. బావకి జవాబు ముందే తెలుసు. పెదవులు బిగించి, పింకీ చెప్పేదాకా ఆగాడు.