కొయ్యకాళ్ల మధ్య నేర్చిన ఆట

సూర్యాపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జయరాజు వ్యాయామ అధ్యాపకుడు. పిల్లలకు పీడీ సార్. వయసు యాభైకి దగ్గర. క్రికెట్‌కు, కబడ్డీకి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఫుట్‌బాల్‌కు మాత్రం ఆయనే వెంటపడి తెచ్చుకోవాలి. వరంగల్‌లో చదువుకునే రోజుల్లో ఆడిన ఆట, వదల్లేకపోయాడు.

ఈ ఏడాది ఆయన జట్టు మూడు మ్యాచులు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మిర్యాలగూడ మ్యాచుకు ముందు ప్రిన్సిపాల్ పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"ఒక్క గోలన్నా కొట్టియ్యిండ్రి జయరాజు సార్. లేకుంటే ఆ గ్రౌండ్‌ల మన బస్సులు పెట్టుకుంటం. కబడ్డీకి మూలకింత జాగ సాలు."

తప్పంతా జీవన్‌దేనని జట్టు ఎప్పుడో తేల్చేసింది. మధ్యలో ఆడుతూ ముందువాళ్లకు బంతి అందించవలసింది అతనే. అతను నేలమీదుగా పంపిన బంతి మనవాళ్లను చేరేలోపే అవతలివాళ్లకు దొరుకుతోంది.

"వీడు మనోడా, వాళ్లోడా సార్? పాస్‌లన్నీ వాళ్లకే ఇయ్యవట్టె," అన్నాడు ముందు వరుసలో ఆడే హరీష్. మునగాల రైతుల ఇంటి పిల్లవాడు, నోటి దూకుడెక్కువ.

"నువ్వు కదిలితే గదరా! పాతిన రాతి కడీ లెక్క నిలవడ్తవ్," అన్నాడు జీవన్.

జయరాజు కూడా మొదట జీవన్‌నే తప్పుపట్టాడు. గట్టిగా తన్నమన్నాడు. గట్టిగా తంతే బంతి గీత దాటి పోయింది. సెల్‌ఫోన్‌లో తీసిన ఆటను మళ్లీ మళ్లీ చూశాడు. తాను చూస్తున్నది జీవన్ కాలినే కాబట్టి కొత్తగా ఏమీ కనపడలేదు.

కోతలయ్యాక ఆదివారాలు హరీష్ వాళ్లు మడిలో ఆడతారని విని, బండి మీద మునగాల వెళ్లాడు. జట్టులో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. మిషన్ కోసి వదిలిన వరి కొయ్యకాళ్లు చీలమండ దాటి ఉన్నాయి. నేలమీద తన్నిన బంతి నాలుగడుగులకే ఇరుక్కుంటుంది. అందుకని ఎవరూ నేలమీద తన్నడం లేదు. పరుగెత్తితే కొయ్యలు గీసుకుంటాయి. అందుకని పరుగెత్తడమూ లేదు. ఒక్కొక్కడు తనకింత చోటు తొక్కి చదును చేసుకుని నిలబడ్డాడు. బంతి పైకి లేస్తుంది, ఎవరి చోట దిగితే వాళ్లది.

"ఎప్పుడు గిట్లనే ఆడుతరారా?"

"చిన్నప్పటి సంది సార్. ఉరికితే ఏమైతదో సూడుండ్రి." హరీష్ ప్యాంటు ఎత్తి పిక్కలు చూపించాడు. నిండా గీతలు.

జీవన్ అట్లా నేర్చుకోలేదు. ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండా నుంచి చిన్నప్పుడే హాస్టల్ బడికి వెళ్లి, గట్టి మొరం మైదానంలో ఆడాడు. అక్కడ బంతి కోసం ఎదురు పరుగెత్తనివాడికి బంతే దొరకదు.

సోమవారం నుంచి జయరాజు జీవన్‌ను ఏమీ అనలేదు. బంతి వచ్చేదాకా నిలబడ్డవాడినల్లా బయటికి పంపాడు. మొదటి సాయంత్రం లోపలికన్నా బయటే ఎక్కువమంది ఉన్నారు.

"అలిగిన అల్లుని లెక్క నిలవడితే బంతొచ్చి బతిమాలుతదా? ఎదురువోయి తెచ్చుకో!"

మిర్యాలగూడలో మొదటి సగం పాత అలవాటే గెలిచింది. అవతలి జట్టు రెండు గోల్స్ కొట్టింది. విరామంలో హరీష్ పక్కకు వచ్చాడు.

"సార్, పైకెల్లి కొడ్తం. ఒక్కటన్నా పడ్తది. లేకుంటే గ్రౌండ్ పోతది సార్."

జయరాజుకూ ఆ ఆశ కలగకపోలేదు. కానీ మిర్యాలగూడ డిఫెండర్లు పొడగరులు. అప్పటిదాకా గాలిలో వెళ్లిన ప్రతి బంతినీ తలతో వెనక్కి కొట్టారు.

"నేల మీదనే," అన్నాడు.

ఆట ముగుస్తుందనగా జీవన్ నుంచి బంతి వచ్చింది. హరీష్ ఈసారి నిలబడలేదు, ఎదురు ఉరికాడు. అతన్ని కాస్తున్న డిఫెండర్ వెంటపడ్డాడు. వాళ్లిద్దరూ వదిలిన ఖాళీలోకి జీవన్ దూసుకుపోయాడు. హరీష్ తిప్పి ఇచ్చిన బంతిని నేలబారుగా గోల్‌లోకి తన్నాడు. తర్వాత మిర్యాలగూడ ఇంకొకటి కొట్టింది.

జయరాజు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడు.

"గెలిచిన్రా?"

"లేదు సార్. మూడు, ఒకటి."

"ఒకటి మనదేనా?"

"మనదే సార్."

"సరే తియ్యి. బస్సులు రోడ్డు పక్కకే ఉండనీ."

జయరాజు ఫోన్ జేబులో పెట్టుకుని, పిల్లలను బస్టాండు వైపు నడిపించాడు.