మామ లాంచీకి వేలిముద్రలు

మొన్న మా కోడలి కుట్టుమిషనులో ఏదో చిన్న భాగం విరిగితే తను ఫోనులో నాలుగు నొక్కులు నొక్కింది, వారం తిరక్కుండా పరాయి దేశపు చీటీ అంటించిన డబ్బా నాగర్‌కర్నూల్‌లో మా గుమ్మం ముందుకొచ్చింది. దాన్ని పట్టుకుని నేను అంతసేపు ఎందుకు నిలబడిపోయానో కోడలికి తెలియదు కానీ, ఒక్క జవాబు కోసం నెలల తరబడి పోస్టుమాను దారి చూసిన నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

అప్పట్లో నేను ఈ ఊళ్లోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేదాన్ని. ఏటి ఒడ్డున మా పుట్టినూళ్లో, మా మేనమామకు కృష్ణా నది మీద ఒక లాంచీ ఉండేది. అవతలి ఒడ్డు మిరప తోటలకు కూలీలను పొద్దున దాటించి, సాయంత్రం తెచ్చి దింపేవాడు. ఆ కూలీల్లో మా అమ్మ కూడా ఉండేది. లాంచీది విదేశీ ఇంజను, ఎక్కడో ఓడరేవు తుక్కు కొట్లో కొన్నది. దాని డీజిల్ పంపు ఒకనాడు పగిలిపోయింది. వనపర్తిలో, గద్వాలలో మామ తొక్కని షెడ్డు లేదు. అలాంటిది ఇక్కడ చేయలేమని అందరూ చేతులెత్తేశారు. ఆనాటి నుంచి అమ్మావాళ్లు పుట్టి ఎక్కి ఏరు దాటడం మొదలుపెట్టారు. వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి బుట్ట అది, పదిమంది ఎక్కితేనే నీళ్లు అంచుకొస్తాయి, కూలీల మేస్త్రీ ఇరవైమందిని ఎక్కించేవాడు.

ఇంజను మీద ఉన్న కంపెనీ చిరునామాకు నేనే ఉత్తరం కొట్టాను. అదే రకం ఇంజన్లు వాళ్ల దేశపు యుద్ధ పడవల్లోనూ ఉన్నాయని, అందుకే విడిభాగాలు మన దేశానికి అమ్మకుండా వాళ్ల ప్రభుత్వం ఆంక్ష పెట్టిందని జవాబొచ్చింది. వేరే దేశం పేరు చెప్పి తెప్పిస్తానని ఒక దళారి ముందుకొచ్చాడు గానీ మామ ఒప్పుకోలేదు. “దొంగ కాగితం మీదొచ్చిన సామాను రేపు ఖరాబైతే ఎవన్ని అడుగుదం? సక్కగనే అడుగుదం బిడ్డా, ఎన్నిసార్లైనా రాయి” అన్నాడు. రాశాను. నాలుగో ఉత్తరానికి కరిగారో విసిగారో, ప్రత్యేక అనుమతి కోసం ఒక ఫారం పంపారు. అందులో ఒక ప్రశ్న: ఈ వస్తువును చివరకు ఎవరు వాడతారు?

నేను మామ పేరు కొట్టబోతే ఆపాడు. “నేను నడిపెటోన్ని. వాడుకునేది కూసునెటోళ్లు గద. అందరి పేర్లు రాయి, ముద్రలు ఏయిస్త.” యజమాని పేరు చాలని ఎంత చెప్పినా వినలేదు, మా మామ మొండితనం ముందు నా చదువు ఏపాటిది?

తీరా ఇంకు ప్యాడు పట్టుకుని రేవుకు పోతే ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. మా పాలమూరులో వేలిముద్ర వేయడమంటే అడ్వాన్సు తీసుకుని, మేస్త్రీ వెంట ఎక్కడి పనికైనా పోవడమే. ఏడికి తోల్కపోతరో తెల్వదని రెండు రోజులు ఒక్కరూ వేలు చాచలేదు. మూడోనాడు అమ్మ ముందుకొచ్చి, “ఇది యాడికో పోనీకె కాదు, ఇంటికి రానీకె” అని బొటనవేలు ఒత్తింది. ఆ తర్వాత మిగతావాళ్లు వరుస కట్టారు. ఏడు కాగితాలు నిండాయి, ఏడూ ఫారానికి కుట్టి పంపాం.

జవాబు రాలేదు. ఈలోగా ఏరు పొంగింది. ఒక సాయంత్రం అమ్మ ఎక్కిన పుట్టి సుడిలో చిక్కి, చాలా దిగువన ఒడ్డు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. పుట్టి కొట్టుకుపోయిన మర్నాడే నేను ఇంకో ఉత్తరం కొట్టాను. ఈసారి బతిమాలలేదు, జరిగింది జరిగినట్టు రాశాను.

అనుమతి వచ్చింది. ఫారం తప్పుగా నింపారని, అయినా ఆ ముద్రలు చూశాక తమ అధికారులు ఇంకేమీ అడగలేదని అందులో ఒక వాక్యం ఉంది. నెల తర్వాత పంపు వచ్చింది, మామ రెండు రోజుల్లో బిగించాడు. లాంచీ మళ్లీ నడిచిన సాయంత్రం నేనూ రేవుకు పోయాను. అమ్మ దిగి, తడవని చెంగు ఎత్తి చూపించింది. సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చేశాను.

ఇప్పుడు మామ లేడు, అమ్మా లేదు. ఆనాడు ముద్ర వేసిన వాళ్లలో చాలామంది తర్వాత మేస్త్రీల కాగితాల మీదా వేలు పెట్టి బొంబాయి వైపు పోయారు, కొందరి జాడ నేటికీ లేదు. ఒక పంపు అమ్మడానికి అంత దూరాన ఎవరో ఇన్ని ప్రశ్నలు అడిగారు. మా మనుషులను లారీల్లో ఎక్కించుకుపోయిన రోజున మాత్రం, వీళ్లను ఎవరి పనికి తీసుకుపోతున్నారు, మళ్లీ ఎప్పుడు తెచ్చి దింపుతారు అని మేమెవరమూ మేస్త్రీలను అడగలేదు.