తమ్ముడి తీగకు తొడిగిన సెన్సర్

ఎమ్మిగనూరులో అన్నదమ్ముల మధ్య నా చేత్తో నేను పెట్టిన చిచ్చు గురించి చెబుతాను. నా వృత్తి మీద ఇంకా గౌరవం ఉన్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆదోనిలో ఇళ్లకు వైరింగ్ చేసుకునే నేను, కరెంటు కార్లకు ఛార్జర్లు బిగించడం రెండు రోజుల శిక్షణలో నేర్చుకున్నాను. మొదటి రోజు పాఠం కొంత అర్థమైంది. రెండో రోజు భోజనం బాగుంది. మూడో రోజు నుంచి నన్ను నేను ఇంజనీరు అనుకోవడం మొదలుపెట్టాను.

ఎమ్మిగనూరులో చీరల వ్యాపారం చేసే ఈరన్న కొత్త కారు కొన్నాడు. ఛార్జర్ నేనే బిగించాను. ఇంట్లో వాడకం పెరిగినప్పుడు ఛార్జర్ తనంతట తాను తగ్గాలి, లేకపోతే మెయిన్ స్విచ్ పడిపోతుంది. ఆ వాడకాన్ని కొలవడానికి, మీటరు నుంచి ఇంట్లోకి పోయే తీగకు ఉంగరం లాంటి సెన్సర్ ఒకటి తొడగాలి. తొడిగాను. ఇంటి ముందు గోడ మీద రెండు మీటర్లున్నాయి. ఒకటి ఈరన్నది, రెండోది పక్క వాటాలో ఉండే తమ్ముడు నాగరాజుది. అన్నదమ్ములకు మూడేళ్లుగా మాటల్లేవు. వాళ్ల తీగలు మాత్రం ఒకదాన్నొకటి కావలించుకుని ఉన్నాయి.

ఛార్జర్ బిగించిన మూడో రోజు ఈరన్న ఫోన్ చేశాడు.

"అప్పా, మా తమ్ముడు గిర్ని ఏస్తే నా కారు ఛార్జింగు ఆగిపోతాంది."

నాగరాజుకు ఇంట్లోనే పిండి గిర్ని ఉంది. నేను పెద్దమనిషిలా నవ్వాను.

"అన్నా, కరెంటుకు మీ కొట్లాట యాడ తెలుస్తాది?"

"తెలుస్తాందప్పా. వాడు ఆపితే ఎక్కుతాంది. నా ఇంట్లో ఏసీ ఏస్తే మాత్రం మెయినే పడిపోతాంది. రేప్పొద్దున మా అమ్మను మోకాళ్ల డాక్టరు కాడికి ఆదోనికి పిల్సకపోవల్ల. నువ్వు బిరీన రా."

వెళ్లాను. ఛార్జర్ విప్పి మళ్లీ బిగించాను. యాప్ తీసేసి మళ్లీ వేశాను. కారు చుట్టూ అనుమానంగా తిరిగాను. పక్కింట్లో గిర్ని మొదలైతే ఛార్జర్ సున్నాకు పడిపోతోంది, ఆగితే లేస్తోంది. నాలుగుసార్లు చూశాను. శిక్షణ పొందినవాడు ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పాను.

"మీ తమ్ముడు నీ లైన్లోంచి కరెంటు లాగుతాండాడేమో అన్నా."

ఈరన్న రెండు వాటాల మధ్య గోడ దగ్గరికి పోయి గొంతెత్తాడు. "రేయ్ నాగరాజూ! నా కరెంటు దొంగతనంగా లాగుతాండావా?"

మూడేళ్లలో తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

నాగరాజు తల నుంచి కాళ్ల దాకా జొన్నపిండితో వచ్చాడు. అంత తెల్లటి మనిషికి అంత ఎర్రటి కళ్లు నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరు సెప్పినారు?"

"ఇంజనీరే సెప్పినాడు," అని ఈరన్న నావైపు వేలు చూపించాడు.

జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను ఇంజనీరు అన్నారు. ఆనందించే వీలు లేకపోయింది.

వీధంతా పోగైంది. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న వాళ్ల తల్లి సుంకమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి మీటర్ల దగ్గరికి వచ్చింది. మగ్గం మీద తెగిన పోగులు వెతకడంలోనే యాభై ఏళ్లు గడిపిన మనిషి. వేలు గాల్లోనే ఆడిస్తూ తీగలను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది.

"అప్పా, నువ్వు ఉంగరం తొడిగిన పోగు పెద్దోనింటికి పోయేది గాదు. సిన్నోనింటికి పోయేది."

చూశాను. నిజమే. నాగరాజు గిర్ని వేసినప్పుడల్లా, ఈరన్న ఇంట్లోనే వాడకం పెరిగిందనుకుని ఛార్జర్ మర్యాదగా తగ్గుతోంది. ఈరన్న ఏసీ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. యంత్రానికి తెలివి బాగానే ఉంది. లోపం బిగించిన వాడిలో ఉంది.

సెన్సర్ తీసి ఈరన్న తీగకు తొడిగాను. గిర్ని తిరుగుతుండగానే కారు ఛార్జింగ్ ఎక్కింది. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ మూడేళ్లలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ మాట నా గురించి. అచ్చు వేయదగింది కాదు.

మర్నాడు సుంకమ్మను ఆదోనికి ఇద్దరు కొడుకులూ కలిసే తీసుకువచ్చారు. దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ చాలా సఖ్యంగా వచ్చారట.

నేను ఆ రోజే ప్రమాణం చేశాను. మెయిన్ ఆపి, ఏ ఇంట్లో ఫ్యాన్ ఆగిందో కళ్లారా చూసి, ఎవరు బయటికొచ్చి నన్ను తిడుతున్నారో చెవులారా విన్న తర్వాతే ఇకపై ఏ తీగనైనా ముట్టుకుంటాను.