జూడోలో లేని నాలుగో స్థానం

నేను పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మన నగరంలో జరిగిన ఆసియా స్థాయి జూనియర్ జూడో పోటీలకు నన్ను ఫలితాల విభాగం ప్రధానాధికారిగా వేశారు. క్రీడాశాఖలో శిక్షకుడిగా చేరి, ఆ తర్వాత రిఫరీనై, జూడో ఆడే చాపల పక్కన నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. కూర్చుని చేసే పని దొరికిందని మొదట్లో సంతోషించాను కూడా.

ఆ పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి బౌట్ ముగియగానే చాప దగ్గర నుంచి వచ్చిన ఫలితాన్ని సరిచూసి, గెలిచినవారిని పట్టికలో ముందుకు జరిపి, ఆ బరువు విభాగం పూర్తయ్యాక సంతకం పెట్టాలి. నా సంతకం పడనిదే పతకాల ప్రదానం జరగకూడదు. ఇన్నేళ్ళూ ఈ పనిని కాగితమూ కలమూ పెట్టుకుని చేసేవాళ్ళం. ఈసారి హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దయతలచి, ఫలితాలు ఎప్పటికప్పుడు ఫోన్లో కనిపించేలా ఒక యాప్ చేసిపెడతామంది. దానికి మేనేజరు కార్తీక్. కాకినాడ వైపు కుర్రాడు, మహా మర్యాదస్తుడు. పోటీలకు ముందు కొండాపూర్‌లోని వాళ్ళ ఆఫీసుకు నన్ను పలుమార్లు పిలిపించి, జూడో నియమాలన్నీ చెప్పించుకున్నారు. నేను చెబుతున్నంతసేపూ అందరూ ల్యాప్‌టాప్‌ల్లోకి చూస్తూ తలలూపారు. కాఫీ మాత్రం చాలా బాగుండేది.

నేను చెప్పినవాటిలో ముఖ్యమైనది ఒకటుంది. జూడోలో ప్రతి విభాగానికీ పతకాలు మూడు కాదు, నాలుగు: ఒక స్వర్ణం, ఒక రజతం, రెండు కాంస్యాలు. క్వార్టర్ ఫైనల్లో ఓడినవారికి మరో దారి ఉంటుంది. ఆ దారిలో నెగ్గుకొచ్చినవారు సెమీఫైనల్లో ఓడినవారితో తలపడతారు. అలాంటి బౌట్లు రెండు జరుగుతాయి కాబట్టి మూడో స్థానాలు రెండు. వాటిలో ఓడిన ఇద్దరిదీ ఐదో స్థానం. నాలుగో స్థానం అనేది జూడోలో లేనే లేదు.

రెండో రోజు పొద్దున స్టేడియం గేటు దగ్గర మల్లేశ్ అనే ఆయన నన్ను పలకరించాడు. హఫీజ్‌పేట్ మనిషి, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే స్టాఫ్ క్యాబ్ నడుపుతాడు. ఆయన కూతురు శ్రావణి ఆ రోజు యాభై రెండు కిలోల లోపు విభాగంలో మన దేశం తరఫున ఆడుతోంది.

"సార్, గీ ఆటనే ఆఖరు. మెడల్ వస్తె ఆడనిస్త. రాకుంటె సోమారం నుంచి మా కంపెనీల రిసెప్షన్ల కూసుంటది. మేనేజర్ సాబ్‌తోటి మాట్లాడి పెట్టిన" అన్నాడు. ట్రిప్పు ఉందని, ఫలితం యాప్‌లో చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల క్వార్టర్ ఫైనల్లో ఓడింది. నా గుండె జారింది. అధికారి ఎవరి పక్షానా ఉండకూడదన్నది నియమమే గానీ, గుండె నియమావళి చదవదు కదా. తర్వాత రెండో దారిలో పైకొచ్చి, కాంస్యం బౌట్లో ఎదుటి అమ్మాయిని భుజం మీదుగా ఎత్తి వీపు నేలకానేలా పడేసింది. దాన్ని ఇప్పోన్ అంటారు, అంటే పూర్తి పాయింటు, ఆట అక్కడితో సమాప్తం. అంతకు ముందే మొదటి కాంస్యాన్ని కజకిస్తాన్ అమ్మాయి గెలుచుకుంది.

తలెత్తి చూస్తే యాప్ ఫలితాలు చూపే పెద్ద తెర మీద, మూడో స్థానం కజకిస్తాన్ అని, దాని కింద నాలుగో స్థానం శ్రావణి అని ఉంది.

కార్తీక్‌ను పిలిచి అడిగాను. "ర్యాంక్ త్రీ రెండుసార్లు వచ్చిందండి. డూప్లికేట్ అనుకుని సిస్టమే కరెక్ట్ చేసేసింది. చాలా స్మార్ట్ అండి" అన్నాడు గర్వంగా. మరి ఐదో స్థానం కూడా రెండు కదా అన్నాను. అతను చూసి, ఒకరిని ఆరుకు మార్చేసిందని సంతోషంగా చెప్పాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది వ్యవహారం. వెంటనే ఫిర్యాదు నమోదు చేశాడు. సరిచేసిన యాప్ వచ్చే నెలలో విడుదలవుతుందట. పోటీలు మర్నాటితో సరి.

ఈలోగా బహుమతి ప్రదానానికి పళ్ళెం వచ్చింది. అందులో పతకాలు మూడే. ఇదేమిటంటే యాప్‌లో అంతే ఉందన్నారు. ముఖ్య అతిథి గడియారం చూసుకుంటున్నారు. నాలుగో అమ్మాయికి శాలువా కప్పుదామని నిర్వాహకుడొకాయన ఔదార్యం ప్రకటించాడు. నేను సంతకం పెట్టనని కలం జేబులో పెట్టుకున్నాను. అప్పుడు అందరికీ నేనొకణ్ణి ఉన్నానని గుర్తొచ్చింది. పతకాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తర్వాతి విభాగం పెట్టెలోంచి ఒక కాంస్యం తీయించి, అప్పుడు సంతకం పెట్టాను. స్టాకు లెక్క తేడా వస్తుందని కార్తీక్ మథనపడ్డాడు. ఒక్కరి కోసమే చేయించిన మూడో మెట్టు మీద ఆ అమ్మాయిలిద్దరూ పడిపోకుండా ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాసేపటికి శ్రావణి ఏడుపు ముఖంతో నా బల్ల దగ్గరికొచ్చింది. "సార్, మీరన్న జర చెప్పుండ్రి. మా నాయన నమ్ముతలేడు."

వెనకే, ట్రిప్పు ముగించుకుని వచ్చిన మల్లేశ్. ఒక చేతిలో కూతురి పతకం, ఇంకో చేతిలో ఫోను. చూపు మాత్రం ఫోను మీదే ఉంది.

"గిది ఆడినోళ్ళందరికి ఇస్తరేమో సార్. యాప్‌ల ఫోర్త్ అనే ఉంది గదా. నా ట్రిప్పులు, జీతం అన్ని ఆల్ల యాప్‌లనే వస్తయి. ఒక్కనాడు తప్పు రాలె."

రెండు కాంస్యాల సంగతంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాను. సంతకం పెట్టిన పట్టిక చూపించాను. ఆయన వినయంగా విన్నాడు. "మీరు పెద్దోళ్ళు సార్. పిల్ల పరేషాన్ అయితదని చెప్తున్నరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా చేసిన ఉద్యోగానికి ఆ ఫోనుపాటి పరువు లేకపోయింది. ఆ పిల్ల గెలిచిన పతకానికీ లేదు.

నేరుగా కార్తీక్ దగ్గరికి వెళ్ళి, తెర మీద మూడో స్థానాలు రెండు కనిపించేదాకా మిగతా విభాగాల్లో ఒక్కదానికీ సంతకం పెట్టనని చెప్పాను. వచ్చే నెల కావలసిన పని, ముఖ్య అతిథి లేచి నిలబడేసరికి టీ తాగినంతసేపట్లో అయిపోయింది. చేత్తో మార్చేయవచ్చట. ముందే ఎందుకు మార్చలేదంటే, ఎవరూ అలా అడగలేదన్నాడు.

మల్లేశ్ ఫోన్లో శ్రావణి పేరు మూడో స్థానంలోకి వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, ఫోను జేబులో పెట్టుకుని, అప్పుడు తొలిసారి పతకాన్ని తిప్పి చూశాడు. చొక్కాకు తుడిచి కూతురి మెడలో వేశాడు. "ఇగ సోమారం ప్రాక్టీసుకే పో బిడ్డా. మేనేజర్ సాబ్‌కు నేను చెప్పుకుంట" అన్నాడు.

ఆ ఉదంతంతో నా పని పద్ధతి ఒకటి మార్చుకున్నాను. అంతవరకూ చాపను చూసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ తర్వాత పనిచేసిన పోటీలన్నిటిలో చాపను చూసి, తెరను కూడా చూసి, రెండూ ఒకటే చెబుతున్నాయని తేలాకే కలం తీశాను. చాప మీద నెగ్గిన పిల్ల ఇంట్లో ఓడిపోకుండా ఉండాలంటే అదొక్కటే దారి.