అవ్వ అర్జీ, నా దస్తూరీ

ఆ రోజుల్లో తాత్కాలిక గుమాస్తాకు భయపడటమే అసలు ఉద్యోగం, రాతకోతలు పైపని. ఎనభైల మొదట్లో నంద్యాల భూసేకరణ ఆఫీసులో నేను చేసింది అదే. తాసిల్దారు పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం. మా నాయన మిషన్ బడిలో పంతులు. దేవుడున్నాడు, దేనికీ జంకొద్దని ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే దారిలో చెప్పేవాడు. (ప్రతి ఆదివారం చెప్పాల్సి వస్తోందంటే జంకాల్సినవి చాలానే ఉన్నాయన్నమాట, అని నేను లోలోపల అనుకునేవాణ్ణి.)

అలాంటి నా నెత్తిన ఆళ్లగడ్డ పని పడింది. ఊరి శివార్లలో యూనివర్సిటీ వాళ్లు పెద్ద చదువుల కాలేజీ, పిల్లలకు హాస్టలు, పంతుళ్లకు ఇళ్ల కాలనీ కడతామన్నారు. అందుకు కావలసిన చేల రైతులు, పక్క వీధి జనం ససేమిరా అన్నారు. కొలతకు పోయిన సర్వేయరు గొలుసును బావిలో పారేశారు. ఆయన తిరిగొచ్చి సెలవుచీటీ రాసిచ్చి పడుకున్నాడు. ఇక మిగిలింది భూమి తీసుకుంటున్నామని చెప్పే నోటీసులు అంటించడం. మా తాసిల్దారు ఎర్ర సిరాతో తప్ప సంతకం పెట్టడు కాబట్టి ఆయన్ని ఎర్రసిరా సారు అనేవాళ్లం. ఆయన నన్ను పిలిచి, "నువ్వు పోయిరా. చూస్తే ఎవరికీ కొట్టాలనిపించదు నిన్ను" అన్నాడు. అది మెచ్చుకోలో కాదో నాకు ఈనాటికీ తేలలేదు.

నోటీసులు సంచిలో అడుగున పెట్టి, పైన తువ్వాలు కప్పి, తెల్లారగట్ల బస్సెక్కాను. సిరివెళ్ల దగ్గర ఒక ముసలావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం బస్సంతా వినపడేటంత. ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టింది.

"యాడికి పోతాండావ్ నాయనా?"

"ఆళ్లగడ్డకవ్వా."

"ఏం పని మింద?"

వెనక సీటాయన అప్పుడే ఎవరితోనో అంటున్నాడు, "మొన్న గొలుసు ఏసినారు బాయిలో. ఈతూరి నోటీసు తెచ్చినోన్నే ఏస్తారంట." ఏం చెప్పాలో తోచక, "దేవుని పని మీదవ్వా, ప్రార్థన కూటం" అనేశాను. జీవితంలో నేనాడిన మొదటి పెద్ద అబద్ధం, అదీ దేవుడి పేరు మీద. ఆకాశం నుంచి పిడుగేమీ పడలేదు. అంతకన్నా పెద్దదే పడింది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడే పంపించినాడు నిన్ను. సదువుకున్నోడివి, మంచోడివి. మా ఇంటికి రా. మా కాగితమొకటి రాసిపెట్టు."

ఆ అవ్వ ఎవరనుకున్నారు? సర్వేయరు గొలుసు పడిన బావి ఆమెదే. దాన్ని పారేసింది కూడా ఆమే అని దిగేలోపలే గర్వంగా చెప్పింది. ఆమె వెంట నడిచాను. పారిపోదామంటే చెయ్యి వదిల్తేగా! ఆమె ఇంటి పంచలో అప్పటికే పాతికమంది కూర్చుని ఉన్నారు. అందరికన్నా ముందు ఆమె కొడుకు. ఆయన మీసాలు చూశాకే నాకు మంచినీళ్లు కావాలనిపించింది.

"రాయి అప్పా," అన్నాడు మీసాలాయన. "మా చేండ్లు ఇచ్చేదే లేదని రాయి. వాళ్ల కాలేజీ వద్దు, వాళ్ల ఇండ్లు వద్దు."

"యా యా ఊర్ల పిల్లోల్లో వస్తారు," అందొకావిడ. "మా ఆడపిల్లోల్లు బాయికాడికి యట్ల పోవల్ల?"

"ఉన్న నీల్లన్నీ వాల్లే తోడుకుంటారు," అంది అవ్వ. "ఈదికంతా తాగే నీల్లు ఆ బాయివే. అది రాయి ముందు."

రాయడం మొదలుపెట్టాను. నా సంచిలో ఉన్న నోటీసుకు అభ్యంతరం నేనే రాస్తున్నాను! వణుకు కనబడకుండా ఉండాలని కలం గట్టిగా పట్టుకున్నాను, దాంతో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పైగా రోజూ ఫైళ్లు మోసే పాపానికి ఏ మాట రాస్తే పైవాళ్లు పక్కన పెట్టలేరో నాకు తెలుసు. తాగునీటి బావి అని, కాపురముంటున్న ఇళ్లు అని, సర్వే నంబర్లతో సహా వివరంగా రాశాను. చదివి వినిపిస్తే అందరూ నోరెళ్లబెట్టారు. మీసాలాయన కళ్లు తుడుచుకున్నాడు. (నేనూ తుడుచుకున్నాను. నావి చెమట.)

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. "అందరం ఒకతూరి ప్రార్థన చేసుకుందాం" అన్నాడొక పెద్దాయన. తువ్వాలు మోకాళ్ల కింద పరుచుకుందామని సంచిలోంచి లాగాను. దాంతోపాటు నోటీసులన్నీ జారి పంచంతా పరుచుకున్నాయి. ఒకటి సరిగ్గా మీసాలాయన కాళ్ల దగ్గర పడింది. ఆయన తీసి, పెదాలు కదుపుతూ చదివాడు. చదవడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు. ఎక్కడో మేక అరిచింది. నేను కళ్లు మూసుకుని నిజంగానే ప్రార్థన మొదలుపెట్టాను.

"ఏందీ ఇది?" అంది అవ్వ.

"నోటీసవ్వా," అన్నాను కళ్లు తెరవకుండానే. "నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాని. ఇవి అంటించాలి. బస్సులో చెప్పింది అబద్ధం. అర్జీ మాత్రం నిజంగానే రాశాను."

మీసాలాయన లేచాడు. అవ్వ కొడుకు భుజం పట్టుకుని కూర్చోబెట్టి నావైపు తిరిగింది.

"ఇవి అంటియ్యకపోతే ఏమైతాది?"

"ఉద్యోగం పోతుందవ్వా. ఇంకా పర్మినెంటు కాలేదు."

ఆమె లోపలికి పోయింది. కొడవలి తెస్తుందనుకున్నాను. గిన్నెలో చిక్కటి గంజి తెచ్చి నా ముందు పెట్టింది. "అంటిచ్చుకో పో. నీ కాగితం నువ్వు అంటియ్యి, మా కాగితం మేము పంపిస్తాం. మొదుట మా తలుపుకే అంటియ్యి, అందురికీ కనపడ్తాది." ఆ గంజితో ఆమె తలుపుకు ఆమె భూమి పోయే కాగితం అంటించాను. వంకరగా వచ్చింది. మీసాలాయనే నిట్టూర్చి సరిచేశాడు.

వారం తిరక్కుండానే ఆ అర్జీ పోస్టులో మా ఆఫీసుకొచ్చింది. ఎర్రసిరా సారు దాన్ని రెండుసార్లు చదివి, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, నా చేత రోజూ రాయించే తపాలా రిజిస్టరు తెప్పించుకున్నాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడి, నాయనకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. చివరికి ఆయన అర్జీ మీద ఎర్ర సిరాతో పైకి పంపవలెనని రాసి, తల ఎత్తకుండా అన్నాడు: "సాయంత్రాలు టైపు నేర్చుకో అబ్బాయ్. చేతిరాత మంచిది కాదు."

ఆ అర్జీ హైదరాబాదు దాకా పోయింది. ఆళ్లగడ్డ వైపు ఎమ్మెల్యే ఒకాయన దాన్ని అసెంబ్లీలో చదివి వినిపించాడట. అప్పటికే ఇంకా ఎన్నో ఊళ్ల నుంచి కాలేజీలు వద్దు, కాలనీలు వద్దు అంటూ అర్జీలు కుప్పపడి ఉన్నాయి. దాంతో ప్రభుత్వం చట్టాన్నే సవరించేసింది. ఇకమీదట యూనివర్సిటీ కట్టడాలను అభ్యంతరాలతో ఆపడానికి వీల్లేదు. కాకపోతే తాగునీటి బావులనూ, కాపురమున్న ఇళ్లనూ ముట్టుకోరాదు. ఆ ఉత్తర్వుకు నకళ్లు నేనే రాశాను. (టైపు ఇంకా రాలేదు.)

ఆ కబురు చెప్పడానికి మళ్లీ నన్నే పంపారు. ఈసారి అబద్ధమేదీ సిద్ధం చేసుకోలేదు. బావి నిలిచింది, వీధి నిలిచింది, చేను పోయిందని చెప్పాను. అవ్వ చేనువైపు చూసింది.

"చెనక్కాయ ఇంకా పెరకలేదు నాయనా. పెరుక్కోనిస్తారా?"

నాకు తెలియదు. అయినా "ఇస్తారవ్వా" అన్నాను. నంద్యాలకు వచ్చి, ఎర్రసిరా సారు పిలవకుండానే ఆయన గదిలోకి పోయి, పంట ఇంటికి చేరేదాకా గడువివ్వమని అడిగాను. ఈసారి మాట మధ్యలో ఆగలేదు. ఆయన నావైపు వింతగా చూసి, సరేనన్నాడు.

కొన్నేళ్లకు ఆ దారిన పోతూ ఆగాను. కాలేజీ లేచింది, హాస్టలు చాలక పిల్లలు వీధిలో గదులు అద్దెకు తీసుకున్నారు. అవ్వ ఇంట్లోనూ నలుగురున్నారు. ఆమె బావిగట్టు మీద కూర్చుని, చేంతాడు సరిగ్గా చుట్టలేదని ఒకణ్ణి తిడుతోంది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచి వాళ్లకు చూపించింది.

"ఈయప్పనే రా. ఈయప్ప రాసిన కాగితానికి జడుసుకోని సర్కారోల్లు సట్టమే మార్చుకున్న్యారు. అసెంబ్లీ అంతా గడగడ వణికిందంట!"

పిల్లలు నన్ను పెద్ద వీరుణ్ణి చూసినట్టు చూశారు. ఆ రోజు గడగడ వణికింది ఎవరో నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వి ఊరుకున్నాం.