ఖర్జూరపు గింజల మేకలు

మొన్న నడుము నొప్పికని కడపలో స్కానింగుకు పోతే, ఆ గుండ్రటి గొట్టంలోకి నన్ను తోసే ముందు అక్కడి అమ్మాయి మరీ మరీ చెప్పింది, కదలొద్దు పెద్దాయనా, కదిలితే మళ్ళీ మొదటినుంచీ తీయాల్సి వస్తుంది అని. అంతా అయి బయటికి లాగాక, ఇంత కదలకుండా పడుకున్నవాళ్ళను చూడలేదని మెచ్చుకుంది. జీవితంలో నాకు దక్కిన మెప్పులే తక్కువ, అందులోనూ ఏ పనీ చెయ్యనందుకు దక్కింది ఇదొక్కటే. ఎక్కడ నేర్చుకున్నావని ఆమె అడగలేదు గానీ, అడిగి ఉంటే ఖతర్‌లో, ఇసుకలో తవ్విన గుంతలో అని చెప్పేవాణ్ణి. విని తలకు కూడా ఒక స్కానింగు తీయించుకోమనేదేమో.

మన వయసువాళ్ళకు చెప్పనక్కర లేదు, తొంభైల్లో మా సీమ పల్లెల్లో వాన రాకపోతే వీసా వచ్చేది. నాకూ అలాగే వచ్చింది. దోహాలో, అల్ సద్‌లో ఒక పెద్ద ఇంటికి డ్రైవరుగా చేరాను. ఆ ఇంటి యజమానిని పనివాళ్ళందరం బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలవాలి. మా వైపు మామ అంటే మేనమామ కదా, నోరు ఆమెను పిలిచినప్పుడల్లా మనసు మీసాల కోసం వెతికేది. తెల్లవారకముందే డ్యూటీ మొదలు. పిల్లల్ని బడికి, బాబాను ఆఫీసుకు, మామాను పుట్టింటికి, వంటామెను చేపల మార్కెట్టుకు, ఇలా అందరినీ ఎక్కడికో ఒకచోటికి చేర్చేవాణ్ణి, నేను మాత్రం ఎక్కడికీ చేరేవాణ్ణి కాను. అలసట ఒంట్లో ఉందనేకంటే నా ఒళ్ళే అలసటలో ఉండేదనడం నిజం.

ఆ ఇంట్లో చిన్న పిల్లవాడు, తొమ్మిదేళ్ళుంటాయేమో, వెనక సీటు ఎంత ఖాళీగా ఉన్నా ముందుకొచ్చి నా పక్కనే కూర్చునేవాడు. మా వంటామె కోనసీమ మనిషి, నన్ను అన్నయ్యా అని పిలిచేది. అది విని వాడూ అదే పిలుపు పట్టుకున్నాడు. ఇల్లు వదిలి వచ్చాక ఆ పిలుపు కోసమే నేను పొద్దున లేచేవాణ్ణంటే మీరు నవ్వకండి.

చలికాలం మొదట్లో ఉత్తరాన్నుంచి డేగలు వలస వచ్చేవి. వాటిని ప్రాణంతో పట్టి వేటకు మచ్చిక చేసుకోవడం అక్కడి మగవాళ్ళకు పెద్ద సరదా, అంతకంటే పెద్ద మర్యాద. సముద్రపు ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి, పైన కట్టెలు పరిచి, గోనెపట్టా కప్పి, దానిమీద ఎండు తుప్పలు వేస్తారు. కొంత దూరంలో ఎరగా ఒక పావురం, దాని చుట్టూ ఇసుకలో దాచిన వల. వల తాడు గుంతలోకి వస్తుంది. డేగ పావురం మీద వాలగానే తాడు లాగాలి, అంతవరకూ లోపల రాయిలా కూర్చోవాలి. ఆ ఏడాది మా పిల్లవాడి వంతు వచ్చింది. తండ్రి పక్కన ఉంటే పిల్లవాడు ఒడి వెతుక్కుంటాడని వాళ్ళ నమ్మకం, అందుకని నన్ను పెట్టారు. డ్రైవరు ఒడి లెక్కలోకి రాదు.

వాడి భయం గుంత గురించి కాదు. కొన్నేళ్ళ కింద వాడి పెదనాన్న కొడుకు మధ్యాహ్నానికే ఏడుస్తూ గుంతలోంచి బయటికి పరుగెత్తాడట. ఆ రోజునుంచి మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో ఆ అబ్బాయి పేరు అర్నబ్, అంటే కుందేలు. మీసాలు మొలిచినా ఆ పేరు రాలిపోలేదు. సాయంత్రం తండ్రి జీపు వచ్చేదాకా బయటికి రాకుండా ఉంటే చాలు, డేగ పడినా పడకపోయినా తనకు అలాంటి పేరు రాదని మావాడు దారి పొడుగునా నాకు చెబుతూనే ఉన్నాడు. బయలుదేరేటప్పుడు మామా కూడా బండి దగ్గరికి వచ్చి, మా ఇద్దరికీ మధ్య నడిచే ఆ కలగూరగంప భాషలో, "వలద్ రోనా నహీ, బాహర్ ఆనా నహీ. ఇంతా షూఫ్" అంది. పిల్లవాడు ఏడవకూడదు, బయటికి రాకూడదు, నువ్వే చూసుకోవాలి అని.

చూసుకోవడంలో నేను కొంచెం అతి చేశాను. దిండు, దుప్పటి, తడి తువ్వాళ్ళు, ఒకటికి వస్తే పనికొచ్చే ఖాళీ సీసా, ఖర్జూరాలు, అన్నీ పికప్పులో సర్దుతుంటే వంటామె గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటన్నయ్యా, కుర్రోణ్ణి వేటకి తీసుకెళ్తన్నావా, అత్తోరింటికి తీసుకెళ్తన్నావా?"

"నీకేం తల్లీ, పొయ్యికాడ నిలబడి ఎన్నైనా అంటావు. గుంతలో కూర్చునేది నేను కదా."

"కూర్చుంటావో, గుర్రెట్టి పడుకుంటావో!"

ఆమె సంచిలో పెట్టిన స్టీలు క్యారేజీ ఎండకు మెరవకుండా, గిన్నెలు చప్పుడు చెయ్యకుండా తువ్వాలు చుట్టాను. గుంతలోకి దిగాక పిల్లవాడు కాళ్ళు ముడుచుకోకుండా వేలాడేసుకునేలా పారతో ఒక చిన్న మెట్టు చెక్కాను. వాడి చెప్పులు విప్పించి పాదాలు చల్లటి అడుగు ఇసుకలో పెట్టించాను, మెడకు తడి తువ్వాలు చుట్టాను, నీళ్ళు గుక్కలు గుక్కలుగానే ఇచ్చాను. తాడు కొస వాడి కుడి మణికట్టుకు చుట్టాను. ఇంత చేశాక నాకు మిగిలిన స్థలం నా మోకాళ్ళకే చాలలేదు. అయినా నిజం చెప్పాలంటే, ఎవరూ హారన్ కొట్టి పిలవని చోట కూర్చోవడం నాకు ఆ వారంలో అదే మొదటిసారి. వాడు ఏడవకుండా నేను చూసుకోవాలి, నేను నిద్రపోకుండా ఎవరు చూసుకోవాలో బాబా చెప్పలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వాడి కింది పెదవి వణకడం మొదలైంది. బెయిత్, అని గొణిగాడు, ఇంటికి అని. ఓదార్చడానికి నోరు పనికిరాదు, పాట పనికిరాదు. అప్పుడు నాకు మా ఊరి అరుగుబండ మీద చెక్కి ఉండే పులి-మేక ఆట గుర్తొచ్చింది. మెట్టు పక్కన తడి ఇసుక మీద వేలితో ఆ త్రికోణం, గీతలు గీశాను. మూడు గులకరాళ్ళు పులులు, మేము తిన్న ఖర్జూరాల గింజలు మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలన్నీ కలిసి పులికి దారి లేకుండా కడతాయి. సైగలతోనే నేర్పాను. మొదట పులులు కావాలన్నాడు, రెండాటలు ఓడాక మేకల విలువ తెలిసింది. ఆ తర్వాత వాడికి ఎండ లేదు, ఇల్లు లేదు, అర్నబ్ లేడు.

మధ్యాహ్నం వాలేవేళకు నా రెండు పులులు కదల్లేకుండా అయిపోయాయి. మూడోదానికి ఒక్కటే దారి మిగిలింది. ఎత్తు వాడిది. చేతిలో గింజ పట్టుకుని, ఎక్కడ పెట్టాలా అని తల వంచి ఆలోచిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు పైకప్పు తుప్పల సందులోంచి చూస్తే, పావురం మీద డేగ!

అరవాలనిపించింది గానీ మాట రాకూడదు కదా. కనుబొమలు ఎగరేశాను, వాడు చూడలేదు. మోకాలు తట్టాను, ఆట చెడగొట్టడానికని చెయ్యి తోసేశాడు. ఇక నా చేతిలో ఉన్నది ఒక్క పులే. వాడి ఎత్తయినా సరే, వాడు తలెత్తి చూస్తాడని, పులిని తీసి ఒకేసారి రెండు మేకల మీదుగా దూకించాను. అంత అన్యాయం వాడు సహించగలడా! "గష్షాష్!" అంటూ, దొంగాట అంటూ నా పులి మీదికి ఉరికాడు. మణికట్టుతో పాటు తాడు లేచింది, బయట వల పడింది.

కాసేపటికి తండ్రి జీపు వచ్చింది, మగవాళ్ళందరూ దిగి పరుగెత్తుకొచ్చారు. మంచి షాహీన్ జాతి డేగ. దాని కళ్ళకు చిన్న తోలు టోపీ తొడిగి, అక్కడి మగవాళ్ళ మర్యాద ప్రకారం పిల్లవాడి ముక్కుకు తమ ముక్కులు తగిలించి మురిసిపోయారు. నేను డేగను చూడనే లేదు, వీడి పులిని పట్టుకున్నానంతే అని వాడు నిజమే చెప్పాడు. డేగను పట్టి పులిని పట్టానంటున్నాడని వాళ్ళు మరింత నవ్వారు. తండ్రి వాణ్ణి ఎత్తి తన జీపులో, డేగ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బండి కదులుతుంటే వాడు తల బయటపెట్టి అరిచాడు.

"అన్నయ్యా, ఇంతా గష్షాష్! బుక్రా ఫిర్ ఖేలేగా!"

రేపు మళ్ళీ ఆడదామని. నేను తలూపాను. దిండు, తువ్వాళ్ళు, ఖాళీ క్యారేజీ పికప్పులో వేసుకుని ఒక్కణ్ణే వచ్చాను. పక్క సీటు ఖాళీగా ఉంటే బండి ఇంత పెద్దదా అనిపించింది.

మళ్ళీ బడి రోజున వాడు ఎప్పటిలాగే ముందు తలుపు మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణం ఆగాడు. వెనక తలుపు తీసుకుని, వాళ్ళ నాన్న కూర్చునే చోట కూర్చున్నాడు.

"సవ్వాగ్, యల్లా."

డ్రైవర్, పద అని. అందులో పొగరు లేదు. డేగను పట్టిన మగవాడు అక్కడే కూర్చుంటాడు, అలాగే పిలుస్తాడు. ఏడవకుండా, బయటికి రాకుండా చూసుకొమ్మన్నారు, చూసుకున్నాను. వాణ్ణి గుంతలో అంత హాయిగా కూర్చోబెట్టిన నేనే వాణ్ణి నా పక్కనుంచి లేపేశానని ఆ పొద్దు తెలిసింది. అంతవరకూ వాడికోసం పక్కకు తిరిగి చూసేవాణ్ణి, ఆనాటినుంచి అద్దంలో చూడటం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు డేగల వీపున ఏదో యంత్రం కట్టి, అవి ఎక్కడున్నదీ ఫోనులో చూసుకుంటారట. వాడికీ పిల్లలు పుట్టి ఉంటారు, వాళ్ళనూ ఏ డ్రైవరో బడికి తీసుకుపోతుంటాడు. వాళ్ళలో చిన్నది ఎక్కడ కూర్చుంటుందో ఏమో. అలసట మాత్రం మారలేదు, అప్పుడు డ్యూటీ చేసి వచ్చేది, ఇప్పుడు ఏమీ చెయ్యకపోయినా వస్తుంది.

మొన్న ఆ గొట్టంలో కళ్ళు మూసుకుని త్రికోణం గీసుకున్నాను. గింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా దొంగ ఎత్తు వెనక్కి తీసుకుని పులిని దాని చోట పెట్టేశాను. ఒక్క దారి ఇంకా తెరిచే ఉంది, దాన్ని మూయాల్సిన గింజ వాడి చేతిలో ఉంది. ఎత్తు వాడిది కదా, అందుకే నేను కదల్లేదు.