ముప్పై ఐదుతో పాసైన గుండె

ఆ రోజుల్లో మా ఇంట్లో మనిషి విలువ మార్కులతోనే తేలేది. ముప్పై ఐదు వస్తే మనిషి, రాకపోతే పశువు. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి పశువుల జాబితాలో ఉన్నాను. మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే మా నాయిన బడి మొహం చూడలేదు గానీ, పాస్ మార్కు ఎంతో మాత్రం ఆయనకు కంఠతా వచ్చు (అంతా నా పుణ్యమే).

లారీకి లోడెత్తుతూ ఆయాసంతో కూలబడితే ఆయన్ను సూర్యాపేటలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. స్కానింగంటే నీళ్లు తాగి పోవాలని అమ్మ ఎక్కడో విన్నది. (అది కడుపు స్కానింగుకు.) ఛాతీకి చల్లటి జిగురు పూసి, తెర మీద గుండె కొట్టుకోవడం చూస్తున్నంతసేపూ నాయిన ధ్యాస బాత్‌రూం మీదే ఉంది.

"గుండె కండరం బలహీనపడ్డది. పంపింగు ముప్పై ఐదు శాతమే ఉంది. ఇగ బస్తాలు మొయ్యద్దు" అన్నాడు డాక్టరు. నాయినకు అందులో అంకె ఒక్కటే వినపడింది. బయటికి రాగానే మొహం వెలిగిపోతూ, "సూసినవా బిడ్డా? బడికి పోనోన్ని, ఒక్క దెబ్బకే ముప్పై ఐదు తెచ్చుకున్న" అన్నాడు.

"గది పాస్ మార్కు కాదు నాయినా. మంచి గుండెకు యాభై ఐదు పైన ఉండాల్నట."

"లెక్కలల్ల రెండుసార్లు తప్పినోనివి, నాకు పర్సంటేజీలు చెప్తున్నవా? నడువ్."

మిల్లులో తోటి హమాలీలకు మిర్చి బజ్జీలు పెట్టించాడు. గుండె పాసైందంటే హమాలీలతో పని చేయించే మేస్త్రీ నవ్వి, మర్నాడే బస్తా ఎత్తించాడు. లోడు తొందరగా అయితే చాలు ఆయనకు. ఆ మేస్త్రీ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అమ్మ బతిమాలింది, నేను అరిచాను. నాయిన మోస్తూనే ఉన్నాడు.

వరికోతల సీజను ముగిసేసరికి కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీసేవాడు. మళ్లీ అదే బల్ల, అదే జిగురు. ఈసారి ఇరవై రెండు. డాక్టరు నన్ను పక్కకు పిలవబోతే, "నా ముంగటనే చెప్పుండ్రి సారు" అన్నాడు. అంతా విని, ఛాతీ మీది జిగురు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, సంగతి తెలిసినవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"తప్పినోళ్లకు మల్ల పరీక్ష పెడతరు గదరా?"

"పెడతరు నాయినా."

"కష్టముంటదా?"

"ఏముండదు. మల్ల రాస్తే వస్తది."

ఆయన తల ఊపి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. లెక్కలు రాని ఆ కుర్రాడు అంత ధీమాగా చెప్పిన జవాబు తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. నా మాట నాయిన నమ్మింది ఆ ఒక్కసారే.